తామరకు మెట్టతామర ఆకు పనిచేస్తుందా?

ప్రశ్న: మాది కోనసీమ. నాట్లు మొదలైనప్పటి నుంచి నా నడుము చుట్టూ, గజ్జల్లో గుండ్రటి మచ్చలు వచ్చి బాగా దురద పెడుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి, ఇంకా ఎక్కువగా పాకాయి. మా అత్తగారు మెట్టతామర ఆకు నూరి రాయమంటున్నారు. పక్కింటివారేమో నల్లజీడి నూనె అంటున్నారు. వీటికి శాస్త్రీయ ఆధారం ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి అది తామర, అంటే చర్మంపై పెరిగే ఫంగస్ అయి ఉండవచ్చు. పొద్దంతా నీళ్లలో వంగి నాట్లు వేసి, తడిసిన చీర, లంగాలతోనే సాయంత్రం దాకా ఉండేవారికి డెల్టాలో ఇది తరచుగా వస్తుంది.

మీ అత్తగారి మాటలో నిజముంది. మెట్టతామర ఆకులో క్రైసోఫానిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఉన్నాయి. ఆకు సారం తామర ఫంగస్‌ను అడ్డుకుంటుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అయితే అక్కడ కొలిచి వాడిన సారం వేరు, రోట్లో నూరిన పసరు వేరు. పసరులో మందు ఎంత ఉంటుందనేది ఆకు ఆకుకూ మారుతుంది, నడుమంతా పాకిన తామరకు అది చాలదు.

నల్లజీడి మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. చాకలి గుర్తులకు వాడే ఆ జీడి రసం గజ్జల్లోని పలుచని చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. జిల్లేడు పాలు, పచ్చి వెల్లుల్లి ముద్ద కూడా వద్దు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీరు వాడిన క్రీము. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. దురదను అణచిపెట్టి, లోపల ఫంగస్‌ను పెరగనిస్తుంది, చర్మాన్ని పలుచన చేసి చారలు మిగులుస్తుంది. దాన్ని ఆపి, చర్మ వైద్యులకు ఆ ట్యూబు చూపించండి. మామూలుగా లులికొనజోల్ వంటి, ఫంగస్‌ను చంపే పూతను మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాస్తూ, మచ్చ పోయాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. ఇంతగా పాకినప్పుడు మాత్రలు కూడా అవసరం కావచ్చు. గర్భవతి అయినా, పాలిచ్చే తల్లి అయినా ఆ విషయం ముందే చెప్పండి.

పొలం నుంచి రాగానే స్నానం చేసి, ఒళ్లు బాగా తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోండి. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి, తువ్వాలు ఎవరిది వారికే ఉంచండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వారికీ ఇప్పుడే వైద్యం చేయించండి. మధుమేహం ఉంటే తామర త్వరగా తగ్గదు కాబట్టి, రక్తంలో చక్కెర కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి.