నెలసరి ఆగాక అమ్మగారికి ఫ్యాటీ లివర్: సమాధానం

మందు ముట్టని అమ్మగారికి, 52 ఏళ్లకి, స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు చేరడం) ఎలా వచ్చిందని భీమవరం నుంచి అడిగారు కదండీ. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల్లో చేరుతుంది. నెలసరి ఆగాక అది పొట్టలోకి, అక్కణ్ణుంచి లివర్‌లోకి మళ్లుతుంది. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గినా ఇదే తంతు. పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్న ఆడపిల్లల్లో మాత్రం టెస్టోస్టెరాన్ పెరగడమే చేటు.

గ్రేడ్ చూసి కంగారు పడకండి, అది కొవ్వు సంగతే చెబుతుంది. లివర్ గట్టిపడిందా అన్నది ఫిబ్-4 అనే లెక్కతో అంచనా వేయాలి. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అంటే రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైములు. వయసును ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించండి. చాలామంది తప్పేది ప్లేట్‌లెట్ల దగ్గరే, 2.2 లక్షలంటే 220 అని వేయాలి. మీరిచ్చిన ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49 (వర్గమూలం 7)తో 2080 బై 1540, అంటే 1.35. హద్దు 1.3 కాస్త దాటింది, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించండి.

హార్మోన్ మాత్రలు దీనికి మందు కావు, సొంతంగా వాడొద్దు. 70 కిలోల మనిషి మెల్లగా 5 నుంచి 7 కిలోలు తగ్గాలి. రాత్రి అన్నం సగం చేసి చేప, పప్పు పెంచండి. పూతరేకులు, కాజాలు పండక్కే. కాలవగట్టు మీద రోజూ అరగంట వడిగా నడిపించండి.