మీ ప్రశ్న – మా జవాబు: వనపర్తి గుర్రపు దళం, టోలిచౌకి అద్దె ఇల్లు

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు అమెరికా నల్లజాతి ప్రజల పోరాటం గురించి చెప్పబోతే ‘మనకేం సంబంధం టీచర్?’ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, వనపర్తి

జవాబు: మీ ఊరి నుంచే మొదలుపెట్టండి టీచర్ గారూ. బోర్డు మీద ‘ఏసీ గార్డ్స్’ అని రాసి ఏసీ అంటే ఏంటో అడగండి. చల్లటి గాలి అనే చెప్తారు. హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఆ బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే గుర్రపు దళం. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సిపాయిలతో ఒక అంగరక్షక దళాన్ని తయారుచేశాడు. అది తర్వాత నిజాం కొలువులో చేరింది. ఆ సిపాయిల వారసులు సిద్దీలు. వాళ్లుండే చోటును ఇప్పటికీ సిద్దీ రిసాలా అంటారు. హైదరాబాద్ పెళ్లి బారాత్‌లలో మోగే మర్ఫా వెనక ఉన్నది వీళ్లూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ.

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలనుకుంటే పది పన్నెండు మందిని మించనీయకండి. ముందుగా బస్తీ పెద్దలతో మాట్లాడి రోజు ఖాయం చేసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. ‘మీది ఏ దేశం?’ అన్న ప్రశ్నతోనే ఇలాంటి ప్రయాణాలు చెడిపోతాయి. వాళ్లది హైదరాబాదే, మాట దక్కనీ ఉర్దూ. జుట్టు ముట్టుకోవడం, గుంపుగా సెల్ఫీలు దిగడం కుదరదని బస్సెక్కకముందే చెప్పండి. మర్ఫా వాయించమని అడిగితే డబ్బులు ముందే మాట్లాడుకోండి. బడిపిల్లలే కదా అని ఉచితంగా వాయించమనడం మర్యాద కాదు.

ఆ తర్వాత అమెరికా పాఠం. 1865లో బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి రైతు మళ్లీ ఎలా ఇరుక్కున్నాడో పాలమూరు పిల్లలకు చెప్పడం సులువు. ఒక లెక్క ఇవ్వండి. పంట 100 రూపాయలు, భూస్వామి వాటా 50. విత్తనాలు, పిండి, బట్టలు 40 రూపాయలకు అరువు, దాని మీద వడ్డీ 20. రైతుకు మిగిలేది? పది రూపాయల బాకీ. అది వచ్చే ఏటికి పోతుంది, కాబట్టి ఆ భూమి వదిలి పోవడానికి లేదు. లెక్కల పుస్తకం భూస్వామి చేతిలో, రైతుకు చదువు లేదు. ‘గుంపు మేస్త్రి దగ్గర తాత తీసుకున్న అడ్వాన్సు లాంటిదా టీచర్?’ అని, వలస కూలీలను పనులకు తీసుకెళ్లే మేస్త్రిని తలచుకుని, ఎవరో ఒకరు అడుగుతారు. అదే మీకు కావాల్సిన ప్రశ్న.

అయితే ఈ అడ్వాన్సూ, అమెరికా బానిసత్వమూ ఒకటేనని చెప్పకండి. అడ్వాన్సు తీసుకున్న కూలీని సంతలో అమ్మలేదు. అక్కడ బానిసత్వం రద్దయ్యే దాకా తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డా బానిసే, అది చట్టం. పోలిక ఎక్కడ ఆగుతుందో చెబితేనే పాఠం నిలబడుతుంది. జోతిరావ్ ఫూలే 1873లో తన ‘గులామ్‌గిరీ’ (బానిసత్వం) పుస్తకాన్ని బానిసత్వ నిర్మూలనకు పనిచేసిన అమెరికన్లకు అంకితమిచ్చాడన్న సంగతి కూడా ఈ పాఠంలో చేర్చొచ్చు.

ఇంకో మాట. కర్ణాటక, గుజరాత్‌లలో కొన్ని జిల్లాల సిద్దీలు ఎస్టీ జాబితాలో ఉన్నారు. తెలంగాణలో లేరు, ఇక్కడ ‘సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ’ పేరుతో బీసీ-ఇలో ఉన్నారు. సాయం చేయాలనుకునే వాళ్లు దుప్పట్లు పంచడం కన్నా పిల్లల సర్టిఫికెట్ల పని చూస్తే మేలు. బడి రికార్డులో కులం గడి ఖాళీగా ఉంటే మీసేవలో పెట్టిన అర్జీ తహసీల్దార్ దగ్గర ఆగే అవకాశం ఎక్కువ. ముందు ఆ గడి సరిచేయించాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్‌కు అమెరికా పోతున్నడు. ‘నల్లోళ్ల ఏరియాల రూము తీస్కోకు’ అని అందరూ చెప్తున్నరు. నిజమేనా?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, ఆ ‘ఏరియా’ ఎలా తయారైందో ముందు వినండి. 1930లలో అక్కడ ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీసి, నల్లజాతి వాళ్లున్న వాడలకు ఎర్ర రంగు వేసింది. ఎర్ర రంగు పడ్డ చోట ఇంటి అప్పు పుట్టలేదు. అప్పు లేక ఇళ్లు పాడుబడ్డాయి, వాటి ధర పడిపోయింది. అక్కడ బడుల ఖర్చులో పెద్ద వాటా ఆస్తి పన్ను నుంచే వస్తుంది కాబట్టి బడులూ చితికిపోయాయి. ఇంటి విషయంలో జాతి వివక్షను 1968లో చట్టం నిషేధించేనాటికే ఒక తరం నష్టపోయింది.

దొంగతనాలు, కాల్పుల భయం ఉంటే మనుషుల రంగు చూసి కాదు, వీధి చూసి తేల్చుకోవాలి. చాలా నగరాల పోలీసులు నేరాల వివరాలు ఆన్‌లైన్‌లో పెడతారు, అక్కడ అడ్రసు కొట్టి చూడొచ్చు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న వాళ్లతో మాట్లాడాలి. రాత్రి పది గంటలకు కాలేజీ నుంచి బస్సుందా అని కనుక్కోవాలి.

బాబుకు ఇదీ చెప్పండి: 1965కు ముందు మన దేశం నుంచి ఏడాదికి 100 మందికే అక్కడ స్థిరపడే కోటా ఉండేది. నల్లజాతి వాళ్ల ఓటు హక్కును కాపాడే చట్టం వచ్చిన 1965లోనే, వాళ్ల ఉద్యమం తెచ్చిన మార్పులో భాగంగా, దేశాల వారీ కోటాలూ పోయాయి. మనవాళ్ల దారి తెరుచుకున్నది అప్పుడే. తోటి తెలుగు పిల్లలు నల్లజాతి వాళ్లను హేళన చేస్తూ గుట్టుగా వాడే ‘కల్లూ’ (నల్లోడు) అన్న మాట నోటికి రానివ్వొద్దు. అవతలి వాళ్లకు ఆ మాట తెలియకపోయినా చూపు, గొంతు తెలుస్తాయి.

సేవ చేయాలనుకుంటే జనవరి మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ రోజున, చాలా యూనివర్సిటీలు పనులు పెడతాయి. అన్నదాన కేంద్రాల్లో జీతం లేని పని చేయొచ్చు. ఊరేగింపులకు పోయేముందు మాత్రం విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగాలి. శిక్ష పడకపోయినా, అరెస్టయితే చాలు, వీసాకు చిక్కు రావచ్చు.

ప్రశ్న: హైదరాబాద్ టోలిచౌకిలో మాకో ఫ్లాటుంది. సూడాన్ విద్యార్థులు అడుగుతున్నారు. పక్కింటి వాళ్లు వద్దంటున్నారు. ఇస్తే పోలీసు గొడవలుంటాయా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కాగితాలు సరిగ్గా ఉంటే గొడవ లేదు. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ బోనఫైడ్ చూడండి. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు ఇంటి యజమాని ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు (విదేశీయుల వివరాలు నమోదు చేసే ఆఫీసు) ఆన్‌లైన్‌లో తెలపాలి. ఇన్నాళ్లూ ‘ఫారం సి’ అని అందరూ పిలుస్తున్నది ఇదే. ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో యజమానిగా ఖాతా తెరిచి, ఆమోదం తెచ్చుకోవాలి. వాళ్లు వచ్చాక ఆ పని పెట్టుకుంటే గడువు దాటుతుంది, ముందే చేసిపెట్టుకోండి. జిల్లాల్లో అయితే ఎస్పీ ఆఫీసులో అడగాలి.

ఎక్కువగా తప్పు జరిగేది పేరు దగ్గర. సూడాన్ వాళ్లకు మనలా ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా వస్తాయి. అగ్రిమెంటు రాసేవాడు మొదటి రెండే రాసి ఊరుకుంటాడు. పాస్‌పోర్టులో నాలుగు పేర్లుంటే నాలుగూ, అదే వరసలో, అదే స్పెల్లింగుతో రాయించండి. ఫారంలోనూ అగ్రిమెంటులోనూ ఫ్లాట్ నంబర్ ఒకేలా ఉండాలి. తేడా వస్తే ఆ పిల్లల రెసిడెన్స్ పర్మిట్ ఆగిపోవచ్చు, తిప్పలు వాళ్లకే.

వేరే వాళ్ల దగ్గర రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటే వీళ్ల దగ్గరా రెండు నెలలే తీసుకోండి. ‘విదేశీ రేటు’ అనేది మన ఏజెంట్లు పుట్టించిందే. రంగు చూసి ఇల్లు ఇవ్వననే యజమానిని అడిగే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు, కాబట్టి నిర్ణయం పూర్తిగా మీ చేతిలోదే. పక్కింటి వాళ్లకు చప్పుడు, చెత్త, పార్కింగ్ నియమాలు అందరికీ ఒకటేనని చెప్పండి.

ప్రశ్న: నాగార్జునసాగర్ చూడ్డానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థుల వెంటపడి పోరగాండ్లు ‘కాలియా’ అంటూ వీడియోలు తీస్తున్నరు. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: ముందు పోరగాండ్లతో కాదు, ఆ విద్యార్థులతో మాట్లాడండి. ‘తోడు ఉండమంటారా?’ అని అడిగి పక్కన నిలబడండి. చాలాసార్లు అంతటితోనే గుంపు పలచబడుతుంది. చెయ్యి చేసుకుంటే 112కు ఫోన్ చేయండి. మీరు వీడియో తీస్తే బాధితులకే ఇవ్వండి, వాట్సాప్‌లో పెట్టకండి. పెడితే ఆ అవమానం ఇంకో వెయ్యి మంది చూస్తారు.

వాళ్లు ఫిర్యాదు చేస్తామంటే వెంట వెళ్లండి. తిరుగు బస్సెక్కి హైదరాబాద్ చేరాక అయినా, అక్కడి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. జాతి పేరుతో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా శిక్ష. కానీ ఆ సెక్షన్ పడాలంటే వాళ్లు వాడిన తిట్టు ఫిర్యాదులో ఉండాలి. స్టేషన్ రైటరు దాన్ని ‘అసభ్యంగా దూషించారు’ అని కుదించి రాస్తాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో రాయించి, పక్కన అర్థం రాయమనండి. సంతకం పెట్టేముందు ఆ విద్యార్థికి మొత్తం ఇంగ్లీషులో చదివి వినిపించండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అది తీసుకున్నాకే బయటికి రండి.