జాకెట్లు కత్తిరించడానికి మిషను కొనాలా?

తెనాలి

చి. సౌ. శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజీ చూశాను. జాకెట్ల పనికి కటింగ్ మిషను, అదే కంప్యూటర్లో గీసిన గీత వెంట బ్లేడుతో తనే కోసేది, కొంటాను, ఏది కొనమంటావని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ముందు నువ్వు నాకొకటి చెప్పు. నీకు టైం ఎక్కడ పోతోంది? నెట్లో కొన్న ప్యాటర్న్‌ని, అంటే ముక్కల ఆకారాలు గీసిన ఫైలుని, ఏ4 కాగితాల మీద తీసి అతికించుకోవడంలోనా, గుడ్డ కత్తిరించడంలోనా? రెండింటికీ మందు ఒకటి కాదు.

అతికించడమే బాధయితే మిషను ఊసే వద్దు. ఇంటి ప్లాన్లు తీసే జెరాక్స్ షాపుకి వెళ్లు. వాళ్ల దగ్గరుండే పెద్ద ప్రింటరే ప్లాటర్. ఏ0 షీటు 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 పొడవు. అంటే పదహారు ఏ4 కాగితాలంత. చుడీదార్ టాపు ముందు భాగం ఎక్కడా అతుకు లేకుండా పడుతుంది. పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు యాక్చువల్ సైజులో తియ్యమని గట్టిగా చెప్పు, కాగితానికి సరిపడా కుదించే ఫిట్ టు పేజ్ పెట్టనివ్వకు. ప్యాటర్న్ మీద కొలత సరిచూసుకునే చిన్న గడి ఒకటుంటుంది. డబ్బులివ్వక ముందే టేపు పెట్టి దాన్ని కొలువు. నూటికి నాలుగు తగ్గినా 36 అంగుళాల చెస్ట్ 34½ అయి కూర్చుంటుంది. నేనొకసారి కొలవకుండా తెచ్చుకుని పట్టు గుడ్డ కోసేశాను. అది ఇప్పుడు నా కళ్లజోడు పెట్టుకునే సంచి.

ఆఫీసుల్లో తీసేసిన పాత ప్లాటర్ చవగ్గా వస్తుందని ఎవరైనా చెబితే ఆశపడకు. నేను పడ్డాను. ఇంకుతో నడిచే ప్లాటర్ తరచూ ఎంతో కొంత ప్రింటు తీస్తుంటేనే బాగుంటుంది. నెలకి రెండుసార్లు వాడే ఇంట్లో దాని ఇంకు చిమ్మే హెడ్లు ఎండిపోతాయి. నాది మూడో నెలకే గీతలు మింగడం మొదలుపెట్టింది. హెడ్డు మార్పిస్తే ఆ తర్వాత లోపలి బెల్టు పొడిపొడిగా రాలింది. రెండేళ్లపాటు దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాం.

ఇక నువ్వు అడిగిన కటింగ్ మిషన్లు, క్రికట్, సిల్హౌట్ కేమియో, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్. ఇళ్లల్లో ఎక్కువగా వాడే సైజులన్నీ 12 అంగుళాల వెడల్పువే. కోసేదాన్ని అంటించి మిషనులోకి పంపే జిగురు మ్యాట్ 12 పొడవుది, 24 పొడవుది దొరుకుతాయి. చుట్టూ అంచు పోతే పనికొచ్చే వెడల్పు పదకొండున్నర అనుకో. కుర్తీకి, లంగాకి ఇది చాలదు. అయితే జాకెట్టు సంగతి వేరు. ముందు భాగం ఒక పక్కది, వీపు సగం, చేయి సగం, ఏది తీసుకున్నా కుట్టు మార్జిన్‌తో కలిపి మామూలు సైజుల్లో ఆ మ్యాట్ మీద ఇమిడిపోతుంది. అందుకే కుర్తీలు కుట్టేవాళ్లకి వద్దనే నేను, జాకెట్లు కుట్టే నీకు మాత్రం ఆలోచించమంటున్నాను.

అయినా దాంతో గుడ్డ కోయాలని చూడకు. క్రికట్ వాళ్ల మేకర్ అనే మోడల్లో గుడ్డ కోసే గుండ్రటి బ్లేడు ఉంది, నిజమే. కానీ మనం గుడ్డని మడతపెట్టి రెండు పొరలు ఒకేసారి కోస్తాం, దానికి ఒక్కో పొరే పరవాలి. చేయి సగమే పడుతుందన్నాను కదా, గుడ్డ మీద మడత లేకపోతే ఆ సగంతో ఏం చేస్తావు? పైగా క్రాస్ కటింగ్ జాకెట్టుకి గుడ్డని ఏటవాలుగా మ్యాట్ మీద అద్దుతుంటే చేతికింద సాగుతుంది, ఊడదీశాక ముడుచుకుంటుంది. కొలత తప్పుతుంది. జరీ అంచు మీద బ్లేడు నడిపించడం కూడా నాకు మనసొప్పదు.

నేను చేసేది చెబుతాను. శుభలేఖ మందం అట్ట తీసుకుని, ఖాతాదారుల ఆది జాకెట్ల కొలతలతో ముక్కలు ఆ మిషను మీద కోయిస్తాను. డాట్ల, అంటే ఒంటికి పట్టేలా వేసే మడత కుట్ల, కొసల దగ్గర పెన్సిలు మొన దూరేంత చిల్లులు కూడా అదే కోస్తుంది. అట్ట మీద పేరు, తేదీ, నిలువు పోగు ఎటో బాణం గుర్తు. దారం కట్టి మేకుకి తగిలిస్తాను. ఈసారి ఆవిడ గుడ్డ తెస్తే అట్ట పెట్టి చాక్‌తో గీసి, కత్తెరతో కోయడమే. సీజన్లో ఇది ఎంత టెన్షన్ తగ్గిస్తుందో!

ఇంకొకటి ప్యాచ్ వర్క్. వీపు మీద మామిడిపిందెలు, నెమళ్లు అడుగుతున్నారు కదా. గుడ్డ వెనక పేస్టింగ్, అదే వేడికి అంటుకునే జిగురు గుడ్డ, వేసి ఇస్త్రీ చేస్తే బిరుసవుతుంది, అప్పుడు మామూలు బ్లేడే శుభ్రంగా కోస్తుంది. కుడి పక్క నెమలిని అద్దంలో చూసినట్టే ఎడమ పక్కదీ వస్తుంది. కత్తెరతో నాకు ముప్పై ఏళ్లయినా రెండు ముక్కులు ఒకేలా రాలేదు. అదే గుండ్రటి బ్లేడు అయితే ముప్పావు అంగుళం కన్నా చిన్న ముక్కలకి పనికిరాదు, గుర్తుంచుకో.

కొనేముందు సాఫ్ట్‌వేర్ చూడు. సిల్హౌట్ వాళ్ల ఉచిత వెర్షన్ ఎస్‌వీజీ రకం బొమ్మ ఫైలు తెరవదు, డీఎక్స్‌ఎఫ్ రకం తెరుస్తుంది. క్రికట్ అయితే వాళ్ల అకౌంట్లోనే పని. 2021లో ఉచితంగా వాడేవాళ్లు నెలకి 20 బొమ్మలే ఎక్కించాలన్నారు, జనం గోల చేస్తే వెనక్కి తగ్గారు. మన డబ్బుతో కొన్న మిషను పగ్గాలు ఇంకొకరి చేతిలో ఉన్నట్టే లెక్క. స్కాన్‌ఎన్‌కట్ మనం చేత్తో గీసిన కాగితాన్ని స్కాన్ చేసి గీత వెంట కోస్తుంది, కంప్యూటర్ అక్కర్లేదు. నీకు కంప్యూటర్ వచ్చు కాబట్టి ప్యాటర్న్లు గీసే సాఫ్ట్‌వేర్ సీమ్లీ2డీ నేర్చుకో, ఉచితం. కొలతలు మారిస్తే డ్రాఫ్టు దానంతటదే మారుతుంది. కానీ ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు సైజు మారిపోవచ్చు. అంగుళానికి 96 చుక్కల లెక్కన గీసింది, 72 లెక్కేసేదాంట్లో తెరిస్తే 12 అంగుళాలు 16 అయిపోతాయి. బొమ్మలో నువ్వే ఒక అంగుళం గడి గీసిపెట్టుకో.

ఇప్పుడే డబ్బు కట్టకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ అమ్మ ఆది జాకెట్టు ఒకటి తీసుకురా. నా మిషను మీద దాన్ని అట్టకి కోసి, ఆ అట్టతో నువ్వే ఒక జాకెట్టు కుట్టి చూడు.

ఉంటాను,
పెద్దమ్మ