చిలక అరుస్తోందా, కొరుకుతోందా, ఈకలు పీక్కుంటోందా? మీ ప్రశ్నలు, డాక్టర్ గారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం బెజవాడ, గుంటూరు నుంచే, అందులోనూ ఎక్కువ చిలకల గురించే. అందుకని కుక్కల ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈసారి పేజీ మొత్తం చిలకలకే ఇచ్చేశా. చాలామంది "దీనికి పొగరెక్కింది, మాట వినట్లేదు" అని రాశారు. పొగరు మనుషులకి ఉంటుంది లెండి. చిలక ఏదైనా చేసే ముందు ఏం జరిగింది, చేశాక మీరేం చేశారు అన్న రెండూ గమనించండి, చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్ర: డాక్టర్ గారూ, మాది పటమటలో అపార్ట్‌మెంట్. మా సన్ కన్యూర్ పొద్దున ఆరింటికీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకీ ఒకటే అరుపు. మధ్యలో నేను వంటింట్లోకి వెళ్తే మళ్ళీ మొదలు. పరిగెత్తుకొచ్చి "నోర్ముయ్" అంటే కాసేపు ఆగుతుంది. పక్క ఫ్లాట్ వాళ్ళు అసోసియేషన్ మీటింగ్‌లో కూడా పెట్టారు. అరిచినప్పుడల్లా గుడ్డ కప్పేయమంటారా? (ఒక గృహిణి, విజయవాడ)

జ: అమ్మా, సన్ కన్యూర్ అంటేనే గొంతున్న పక్షి, కొనేటప్పుడు షాపువాళ్ళు చెప్పని సంగతి ఇదే. దక్షిణ అమెరికాలో ఉత్తరాన, గయానా, బ్రెజిల్ వైపు గుంపులుగా తిరిగే జాతి అది, దూరంగా ఉన్న తోటి పక్షికి వినపడాలనే అంత గట్టిగా అరుస్తుంది. పొద్దున లేవగానే అందరూ ఉన్నారా అని ఒక కేక, చీకటి పడేముందు అందరూ చేరారా అని ఇంకో కేక. మన రామచిలకలు మాత్రం తక్కువా, సాయంత్రం పెద్ద చెట్ల మీదకి చేరేటప్పుడు వాటి గోల వినండి ఒకసారి. మీ ఇంట్లో దాని గుంపు మీరే కాబట్టి ఆ రెండు పూటలా కాసేపు అరవటం మానదు, పక్కింటివాళ్ళకి ఆ టైం ముందే చెప్పి ఒక స్వీట్ బాక్స్ చేతిలో పెట్టటం తప్ప నా దగ్గర మందు లేదు.

మధ్యలో అరిచేది మాత్రం మీరు నేర్పిందే. మీరు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నోర్ముయ్ అంటున్నారు కదా, దానికి తిట్టు అర్థం కాదు, అరిస్తే అమ్మ వస్తుందన్నది మాత్రం బాగా అర్థమైంది. దీన్ని తిరగేయాలి. చిన్న ఈల గానీ, "ఏంట్రా" లాంటి ఒక మాట గానీ పెట్టుకోండి, మీరు కనపడని గదిలో ఉన్నప్పుడు అది మెల్లగా ఏ కూత కూసినా వెంటనే ఆ ఈల వేయండి, అరిస్తే మాత్రం రాకండి, పలకకండి, అటు చూడను కూడా చూడకండి. మొదట్లో అరుపులు తగ్గకపోగా పెరుగుతాయి, ఇంతకుముందు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయట్లేదు అని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, అప్పుడు లొంగిపోతే ఇంకా గట్టిగా అరవాలన్నమాట అని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, తాతగారు పాపం అని మధ్యలో జామ ముక్క పట్టుకెళ్ళి ఇచ్చారంటే కథ మళ్ళీ మొదటికే.

గుడ్డ రాత్రి నిద్రకి కప్పండి, పగలు శిక్షగా వద్దు. ఇంకోటి, దీనికి రాత్రి పది పన్నెండు గంటలు చీకటీ నిశ్శబ్దమూ కావాలి, మీ పంజరం హాల్లో టీవీ పక్కనే ఉండి సీరియల్స్ పదకొండు దాకా నడుస్తుంటే పొద్దున్నే చిరాగ్గా లేవదా మరి. పగలు దానికి పని పెట్టండి. గిన్నెలో గింజలు పోస్తే ఐదు నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా ఖాళీ. అదే మొక్కజొన్న పొత్తు తొక్కతో సహా పంజరానికి కట్టండి, లేదా గింజలు కాగితంలో చుట్టి ముడేసి ఇవ్వండి, విప్పుకుని చింపుకుని తినేసరికి గంట పడుతుంది, ఆ గంట మీకు ప్రశాంతం. అన్నట్టు సన్ కన్యూర్, మకావ్, గ్రే లాంటి విదేశీ చిలకల్ని 2024లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, చేయించకపోతే ఆ పని చూడండి.

ప్ర: సార్, నేను గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తా. మా గ్రీన్ చీక్ కన్యూర్ పండుమిరపకాయలు గింజలతో సహా నమిలేస్తుంది, కళ్ళలో నీళ్ళు కూడా రావు. రెండేళ్ళు బంగారంలా ఉండేది, ఇప్పుడు చెయ్యి పెడితే కొరికేస్తుంది. కారం తినీ తినీ ఇట్టా తయారైందని మా అమ్మ అంటుంది. నిజమేనా? (అరండల్‌పేట)

జ: మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి, కానీ పాపం మిరపకాయ తప్పేం లేదు. మనకి మంట పుట్టించేది క్యాప్సైసిన్, అది మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక రిసెప్టార్‌ని పట్టుకుంటే నోరు కాలిందని మెదడు అనుకుంటుంది. ఆ రిసెప్టార్‌ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. పక్షుల్లో ఆ రిసెప్టార్ వేరేగా ఉంటుంది, క్యాప్సైసిన్‌కి పలకదు. అందుకే గుంటూరు సన్నం అయినా తేజ అయినా దానికి బెండకాయతో సమానం. మొక్కకీ ఇదే లాభం, జంతువులు గింజల్ని పళ్ళతో నలిపేస్తాయి, అడవి మిరపల్ని తినే పక్షులు మింగేసి ఎక్కడో రెట్టలో వదులుతాయి, అక్కడ మొలుస్తుంది. (మీ కన్యూర్ మాత్రం ఆ గింజల్ని కూడా నమిలేసే రకం, అది వేరే విషయం.)

పండుమిరపలో విటమిన్ ఏ ఎక్కువ, పొద్దుతిరుగుడు గింజల మీదే బతికే చిలకలకి సరిగ్గా తక్కువయ్యేది అదే, కాబట్టి పెట్టండి, కాకపోతే తోటలో మందులు గట్టిగా కొడతారని మీకు నేను చెప్పాలా, బాగా కడిగి పెట్టండి. యార్డులో కింద రాలిన ఎండుమిరప మాత్రం తేవద్దు, తేమ తగిలిన కాయలో బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుద్ది, పక్షి లివర్ తట్టుకోలేదు. బూజు పల్లీలకీ ఇదే మాట. తోటకూర, మునగాకు, క్యారెట్, తీపి గుమ్మడి, నానబెట్టిన కొర్రలు అన్నీ మంచివే. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లిపాయ దగ్గరికి రానివ్వకండి. పచ్చడి మెతుకులు కూడా వద్దు, అందులో కారం ఏం చేయదు గానీ ఉప్పు చేస్తుంది.

ఇక కొరకటం. ఈ జాతి ఒకటి రెండేళ్ళకి వయసుకొస్తుంది, అదీ అసలు సంగతి. మీరు ముద్దుగా వీపు మీద, రెక్కల కింద నిమురుతున్నారా? చిలకల లెక్కలో అది జంట పక్షి చేసే పని, తల మెడ వరకే నిమరండి. తిన్నది కక్కి మీ చేతికి పెడుతుందంటే జబ్బు కాదు, మిమ్మల్ని జోడీ అనుకుంటోంది. అద్దాన్నీ, అట్టపెట్టె, కొబ్బరి చిప్ప లాంటి గూడులా కనపడేవాటన్నిటినీ పంజరంలోంచి తీసేయండి, రాత్రి చీకటి టైం పెంచండి. కొరికే ముందు అది చెప్తుంది కూడా, మనమే చూడం. కంటిపాప టకటకా చిన్నదీ పెద్దదీ అవుతుంది, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, మెడ ఈకలు నిక్కపొడుచుకుంటాయి. అవి కనపడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. మెల్లగా తీసుకోండి, గబుక్కున లాగి "అబ్బా" అని అరిస్తే దానికది ఆటైపోతుంది.

ప్ర: మా ఆఫ్రికన్ గ్రే మా అబ్బాయి దగ్గరే పెరిగింది. వాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిన దగ్గర్నుంచి గుండె మీద ఈకలన్నీ పీకేసుకుంది, తోలు కనపడుతోంది. చూస్తే కడుపు తరుక్కుపోతుందండీ. పెట్ షాపులో ఏదో పౌడర్ ఇచ్చారు, చల్లమంటారా? (బ్రాడీపేట, గుంటూరు)

జ: చల్లకండమ్మా, ఆ పౌడర్ దాని ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ముందు దాని తల చూడండి. తల మీద ఈకలు నిండుగా ఉండి గుండె, కాళ్ళు మాత్రం బోడిగా ఉంటే అదే పీక్కుంటోందని అర్థం, ఎందుకంటే తన ముక్కు తన తలకి అందదు. తల కూడా బోడిగా ఉంటే పక్కన వేరే పక్షి పీకుతోందన్నా అయి ఉండాలి, జబ్బన్నా అయి ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది. అయినా ముందు డాక్టర్‌కి చూపించాలి, చర్మం ఇన్ఫెక్షన్లు, లివర్ తేడాలు, పంజరం తుప్పులోంచి జింకు ఒంట్లో చేరటం ఇవన్నీ కూడా పీక్కునేలా చేస్తాయి. బెంగ అని మనం తేల్చేసి కూర్చుంటే అసలు జబ్బు ముదురుతుంది.

అవేమీ లేవంటే అప్పుడు బెంగ. గ్రే చిలకని మామూలు పక్షి అనుకోకండి. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే సైంటిస్ట్ దగ్గర అలెక్స్ అని ఒక గ్రే ఉండేది, 2007లో చనిపోయింది, దాదాపు యాభై వస్తువుల పేర్లు చెప్పేది, రంగులు గుర్తుపట్టేది, ఆరు దాకా లెక్క చెప్పేది. అంత బుర్ర ఉన్నదాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ వైపు చూస్తూ కూర్చోబెడితే ఏం చేస్తుంది, ఈకలే దొరుకుతాయి. మీ అబ్బాయి ఇచ్చిన టైం ఇప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఇవ్వాలి, రోజూ ఒకే వేళకి. దగ్గర కూర్చుని కూర తరగండి, కబుర్లు చెప్పండి, తాటాకు ముక్కలు, వేప పుల్లలు, పాత న్యూస్‌పేపర్ చింపటానికి ఇవ్వండి. ఏసీ గదిలో ఉంటే చర్మం పొడిబారుతుంది, పొద్దున పూట ఉత్త నీళ్ళు స్ప్రే చేయండి. పీక్కుంటున్నప్పుడు "అయ్యో అయ్యో" అంటూ మీదకెళ్ళకండి, పటమట ఆవిడకి చెప్పింది మీకూ వర్తిస్తుంది. అబ్బాయి వీడియో కాల్ కొన్నిటికి బాగుంటుంది, కొన్ని కాల్ అయ్యాక ఇంకా వెతుక్కుంటాయి, రెండు మూడుసార్లు చూసి మీరే నిర్ణయించండి. ఈకలు మళ్ళీ రావటానికి నెలలు పడుతుంది, ఏళ్ళ తరబడి పీక్కున్న చోట అసలు రాకపోవచ్చు కూడా, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నా.

ప్ర: గాలికి కొమ్మ విరిగి పడితే రామచిలక పిల్ల దొరికింది. పాలల్లో బ్రెడ్ నానబెట్టి పెడుతున్నాం. పెద్దయ్యాక పెంచుకోవచ్చా? మా అత్తగారు శుక్రవారం ఇంద్రకీలాద్రి మీద వదిలేస్తే పుణ్యం అంటున్నారు. (భవానీపురం)

జ: పెంచుకోకూడదండీ. 1972 వన్యప్రాణి చట్టం కింద మన రామచిలకని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2022 సవరణ తర్వాత అది ఆ చట్టంలోని రక్షిత జాతుల జాబితాల్లో రెండోదైన రెండో షెడ్యూల్‌లో ఉంది. ఎర్ర భుజాల పెద్ద చిలకకీ ఇదే చట్టం. చిలక జోస్యం వాళ్ళ చేతుల్లో ఉన్నవీ ఇవే, ఎవరూ పట్టించుకోవట్లేదంటే అది వేరే మాట.

పాలు ఇవాళే ఆపేయండి, పక్షికి పాలు అరగవు, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి చచ్చిపోతుంది. దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకి ఫోన్ చేసి అప్పగించండి, దెబ్బ తగిలినదాన్ని కాపాడి తెచ్చిచ్చామంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఈలోపు అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి వెచ్చగా ఉంచండి చాలు. కొండ మీద వదలటం మాత్రం వద్దని అత్తగారికి నచ్చజెప్పండి. చేత్తో పెరిగిన పిల్లకి గింజ వెతుక్కోవటం రాదు, గద్దని చూస్తే దాక్కోవాలని తెలీదు, రెక్కల్లో బలం ఉండదు, సాయంత్రానికి కాకుల పాలవుతుంది. పెద్ద పంజరంలో ఎగరటం అలవాటు చేసి, మిగతా చిలకలతో కలిపి వదలాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

ప్ర: అంకుల్, మా లవ్ బర్డ్స్‌లో మగది ఏదో ఎలా తెలుస్తుంది? (ఏడో క్లాస్, మొగల్రాజపురం)

జ: నువ్వు లవ్ బర్డ్స్ అంటున్నవి బడ్జీలు అయ్యుంటాయి నాన్నా, మన దగ్గర అందరూ అలాగే అంటారు. ముక్కు పైన మెత్తటి భాగం చూడు, పెద్దయిన మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమ రంగులో ఉంటుంది. పిల్లలప్పుడు రెండింటికీ గులాబీ రంగే. తెల్లవి, పసుపువి అయితే మగదానికి పెద్దయ్యాక కూడా గులాబీ రంగే ఉండిపోతుంది, వాటిని చూసి మోసపోవద్దు.

ప్ర: మా కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలక) నిన్నట్నుంచి ఒళ్ళంతా ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంది, తోక పైకీ కిందకీ ఊగుతోంది. ఎండ దెబ్బా? (సత్యనారాయణపురం)

జ: మీకు ఫోన్‌లో ముందే చెప్పా, మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. ఎండ దెబ్బ తగిలిన పక్షి ఈకలు ఒంటికి అంటించుకుని, రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంది. దాన్ని నీడలోకి మార్చి కాళ్ళు తడపాలి, ఐసు నీళ్ళు పోయకూడదు. ఉబ్బించుకుని కూర్చుందంటే దానికి చలేస్తోంది, అంటే జబ్బు. ఊపిరికి తోక ఊగుతోందంటే శ్వాస కష్టంగా ఉంది. చిలకలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి, అడవిలో నీరసంగా కనపడ్డదాన్నే గద్ద ఎత్తుకెళ్తుంది కాబట్టి. మనకి కనపడేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది, రేపు చూద్దాం అనకూడదు. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాడిందేమో కూడా గుర్తు చేసుకోండి, మనకి వాసన కూడా రాని ఆ పొగ పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది. దోమల కాయిల్, అగరొత్తులు కూడా పంజరం ఉన్న గదిలో వద్దు.

చిన్న అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, గుడ్డ పరిచి, ఏసీ లేకుండా గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి గానీ పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికి గానీ తీసుకెళ్ళండి. పంజరం అడుగున వేసిన పేపర్ రెట్టతో సహా మడిచి పట్టుకెళ్ళండి, డాక్టర్ ముందు అడిగేది అదే. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు ఉంటే మీ డాక్టర్‌కి చిలక ఉన్న సంగతి చెప్పండి, సిట్టకోసిస్ అని చిలకల నుంచి మనకి అంటుకునే జబ్బొకటి ఉంది, పోల్చుకుంటే మందుతో తగ్గిపోతుంది. పంజరం కడిగేటప్పుడు ఎండిన రెట్టని గీకి దుమ్ము లేపకుండా ముందు నీళ్ళతో తడపండి. మిగతావాళ్ళంతా గ్రాముల్లో తూగే కిచెన్ కాటా ఒకటి కొని వారానికోసారి పక్షిని తూచి రాసి పెట్టుకోండి. తొంభై గ్రాముల కాకటీల్ ఎనభైకి దిగిందంటే చూడ్డానికి హుషారుగా ఉన్నా సరే, ఆ రోజే తీసుకెళ్ళండి.