రాత్రంతా రీల్స్, రెండు బ్యాక్‌లాగ్స్, నాన్నకి ఇంకా చెప్పలేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. రాత్రి రీల్స్ మొదలుపెడితే మూడవుతోంది, పొద్దున ఫస్ట్ అవర్ ఎగిరిపోతోంది. ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచే ఇది ఎక్కువైంది, రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో తెలీదు. ఇన్‌స్టా తీసేశాను, మళ్లీ వేసుకున్నాను. ఆన్‌లైన్ టెస్ట్ రాస్తే ఇంటర్నెట్ అడిక్షన్ అని వచ్చింది. నేను ఇంక మారలేనా?

జవాబు: బాబూ, ముందు ఆ టెస్ట్ సంగతి పక్కన పెట్టు. అలాంటి ప్రశ్నలకి టిక్కులు పెట్టి వచ్చిన స్కోర్ చూసి జబ్బు ఉందని ఎవరూ తేల్చరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్ట్‌లో, అంటే 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ రీల్స్ చూడ్డం అనే జబ్బు లేదు, ఆ గేమింగ్‌కైనా మామూలుగా 12 నెలల పాటు జీవితం దెబ్బతిన్నట్టు కనపడాలి. అలాగని నీ ఇబ్బంది ఉత్తిదే అనట్లేదు.

నువ్వు రాసిన దాంట్లో నాకు పట్టుకున్న మాట వేరే ఉంది, రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచే అన్నావు చూడు, అదీ. లైట్ ఆపి పడుకోగానే ఆ రెండు సబ్జెక్టులు, నాన్న మొహం, క్లాస్‌మేట్ లింక్డిన్‌లో పెట్టిన ఇంటర్న్‌షిప్ పోస్ట్, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి కదా, చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది, రీల్ నడుస్తున్నంతసేపు ఆ ఆలోచన రాదు, ఆపితే వస్తుంది, అందుకే ఆపలేకపోతున్నావు. యాప్ తీసేసినా భయం అక్కడే ఉంది, అది మళ్లీ వేయించింది, అంతే.

కాబట్టి ఈ ఆదివారం నాన్నకి ఫోన్ చెయ్. కథ చెప్పకు. "నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి, సప్లీ రాస్తున్నా, ముందే చెప్పాల్సింది" అని చెప్పి ఊరుకో. తిడతారు, తిట్టనీ. ఫోన్ పగలగొడతా అంటారేమో (పొద్దున్నే అయిదింటికి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేది కూడా వాళ్లేననుకో), ఎదురు చెప్పకు. నాన్నతో మాట్లాడలేనంటే ముందు అమ్మకి చెప్పు, కానీ దాచడం మాత్రం ఇంక వద్దు.

తర్వాత నిద్ర. హాస్టల్‌లో చార్జింగ్ పాయింట్ మంచం పక్కనే ఉంటుంది, అసలు తంటా అక్కడే. చార్జర్ తీసి తలుపు పక్క ప్లగ్‌కి పెట్టు, పొద్దున లేవడానికి ఓ మామూలు అలారం గడియారం కొనుక్కో. పూర్తిగా మానేస్తా అని ఒట్లు పెట్టుకోకు, సాయంత్రం క్యాంటీన్‌లో కాసేపు చూసుకో, తప్పేం లేదు. మొదట్లో నిద్ర పట్టక దొర్లుతావు, పర్లేదు, లేచే టైమ్ మాత్రం మార్చకు.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. ఫోన్ పక్కన పెట్టినా రెండు వారాలకి పైగా దిగులు తగ్గకపోతే, తిండి సయించకపోతే ఆగకుండా డాక్టర్‌కి చూపించుకో. బతకడం దండగ అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, వెంటనే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి కాల్ చెయ్, పక్కన రూమ్మేట్‌ని ఉండమను. అది ప్రభుత్వానిదే, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈలోపు సప్లీ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడో ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కుని కట్టెయ్, లేట్ ఫీజు ఎందుకు.