అత్తగారికి గృహలక్ష్మి వస్తుంటే కోడలికి ఎందుకు రాదు?

బెంగళూరు మారతహళ్లిలో అత్తగారితో ఒకే రేషన్ కార్డులో ఉన్నాను, నాకూ గృహలక్ష్మి వస్తుందా అని ఒకావిడ అడిగారు. రాదండీ. 2023 ఆగస్టులో కర్ణాటక మొదలుపెట్టిన ఈ పథకంలో నెలకు 2000 రూపాయలు కార్డులో ఇంటి యజమానురాలిగా పేరున్న ఒక్కరికే. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆ పేరు ఇంట్లో 18 నిండిన ఆడవాళ్లలో పెద్దామెది. పొద్దున్నే పొయ్యి వెలిగించేది కోడలైనా డబ్బు పడేది అత్తగారి అకౌంట్లోనే.

నాకు అంతకంటే అన్యాయం అనిపించేది ఇంకో మెలిక. భర్త ఆదాయపు పన్ను కడుతున్నా, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నా, భార్యకు సొంతంగా రూపాయి సంపాదన లేకపోయినా అర్హత పోతుంది. అతను ఇంటికి ఎంత ఇస్తాడన్నది ఎవరూ అడగరు!

అన్నట్టు, ఆంధ్రా కార్డు పనికిరాదు, కర్ణాటకదే ఉండాలి.