రోటావేటర్ గేరు పళ్లు త్వరగా అరిగిపోతున్నాయి, గ్యాస్ కార్బురైజింగ్ చేయిస్తే సరిపోతుందా?

గుంటూరులో చిన్న మెషిన్ షాపు, ఎన్8 రకం ఉక్కు కడ్డీతో రోటావేటర్ గేర్లు చేస్తున్నారు, పళ్లు ఒక్క సీజన్ కూడా ఆగడం లేదు, కార్బురైజింగ్‌కి పంపితే ఎంత హార్డ్‌నెస్ అడగాలి అన్నది మీ ప్రశ్న. విజయవాడ ఆటోనగర్‌లో 18 ఏళ్లుగా గేర్ల పనే చేస్తున్నాను. నా చేతిలో పాడైన బ్యాచ్ ఒకటి ఉంది, దాని గురించి చెబితే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు ఎన్8 ఆపేయండి. కార్బురైజింగ్ అంటే ఉక్కు పై పొరలోకి కార్బన్ ఎక్కించడం. ఎన్8లో ఇప్పటికే 0.4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. దాని మీద ఇంకా ఎక్కించి ఆయిల్‌లో ముంచితే సన్నటి పన్ను లోపల కూడా పెళుసుబారుతుంది, చేలో రాయి తగిలితే విరుగుతుంది. మనకు పైన గట్టిగా, లోపల దెబ్బ తట్టుకునేలా ఉండాలి. అందుకు 0.2 శాతం దరిదాపుల్లో కార్బన్ ఉండే 20ఎంఎన్‌సీఆర్5 గానీ, ఎన్353 గానీ తీసుకోండి. మిగిలిపోయిన ఎన్8 గేర్లకు ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు కాయిల్‌తో పై పొరను వేడిచేసి, వెంటనే చల్లార్చి గట్టిపరచడం) చేయించి తేలిక పనులకు వాడుకోవచ్చు.

ఇక నా బ్యాచ్ సంగతి. 40 గేర్లు, మెటీరియల్ సరైనదే. జాబ్ వర్క్‌కి పంపుతూ చలానా మీద ‘58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ’ అని ఒక్క ముక్క రాశాను (హెచ్‌ఆర్‌సీ అంటే రాక్‌వెల్ సీ, గట్టిదనం కొలత). తిరిగొచ్చాక పక్క ముఖం మీద చెక్ చేస్తే 60 చూపించింది. ఆకురాయి పెడితే గాజు మీద గీసినట్టు జారిపోయింది. కాకపోతే ఫర్నేసులో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నారు, గేర్లు కాస్త వంకరపోయాయి. పళ్లకు గ్రైండింగ్ చేయించి సరిచేసి అమ్మేశాను. తెనాలి వైపు దమ్ము పనులు మొదలయ్యాయో లేదో గేర్లు వెనక్కి రావడం మొదలైంది. పన్ను ముఖం మీద గుంటలు, కొన్నిటికి పెచ్చులు.

ఒక గేరును అడ్డంగా కోయించి, ఎమరీ పేపర్‌తో అద్దంలా రుద్ది, నైటాల్ (నైట్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్) పూశాం. కాసేపటికి పన్ను చుట్టూ నల్లటి గీత తేలింది. అదే కార్బన్ ఎక్కిన పొర. ఒక వైపు దిద్దిన కాటుకలా మందంగా ఉంది. రెండో వైపు కుట్టుదారమంత. అసలే తక్కువ ఎక్కిన పొరను, వంకర తీసే పేరుతో ఒక వైపు నేనే అరగదీశాను. నేను చెక్ చేసిన పక్క ముఖానికి గ్రైండింగ్ తగల్లేదు కాబట్టి 60 చూపించింది. తప్పు ఫర్నేసు వాళ్లదొక్కటే కాదు, ఎంత లోతు కావాలో నా చలానాలో లేనే లేదు.

లోతు ఎందుకు తగ్గుతుందో కూడా తెలుసుకోండి. పిట్ ఫర్నేసులో 920, 930 డిగ్రీల దగ్గర మిథనాల్ చుక్కలు చుక్కలుగా వదులుతారు, ఎల్‌పీజీ లాంటి గ్యాస్ కలిపి కార్బన్ పెంచుతారు. ఆ వేడి దగ్గర మొదటి గంటకు మొత్తం లోతు సుమారు 0.6 మిల్లీమీటర్లు వస్తుంది. దానికి రెట్టింపు కావాలంటే రెండు గంటలు చాలవు, నాలుగు కావాలి. అర్జెంటు అని మనం తొందరపెడితే అవతలివాళ్లు కోసేది ఆ గంటలనే.

అందుకే ఇప్పుడు నా చలానా మీద ఉక్కు గ్రేడ్, ‘గ్రైండింగ్ తర్వాత 550 విక్కర్స్ దగ్గర కేస్ డెప్త్ 0.8 నుంచి 1.0 మిల్లీమీటర్లు’, పైన 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ అని రాస్తాను. విక్కర్స్ కూడా గట్టిదనం కొలతే, కేస్ డెప్త్ అంటే గట్టి పొర లోతు. గ్రైండింగ్‌లో పోయే మందం కూడా ముందే చెబుతాను. గేర్లు పేర్చకుండా ఫిక్స్చర్‌కు వేలాడదీయాలని కూడా రాస్తాను. షాఫ్టుకు మర ఉంటే దానికి కార్బన్ ఎక్కకుండా పేస్టు పూయమనండి, లేకపోతే నట్టు బిగించేటప్పుడు మర పెచ్చులుగా రాలిపోతుంది. క్వెంచింగ్ (ఆయిల్‌లో ముంచి చల్లార్చడం) అయ్యాక టెంపరింగ్‌ను (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం) రేపటికి వాయిదా వేయనివ్వకండి. ఆ రోజే 160, 180 డిగ్రీల మధ్య కనీసం రెండు గంటలు పడాలి.

అన్నిటికన్నా ముఖ్యం టెస్ట్ పీస్. అదే కడ్డీలోంచి, పన్ను మందానికి దగ్గరగా ఉండే ముక్క కోసి, దాని మీద మీ నంబరు పంచ్ కొట్టి, గేర్ల మధ్యలో కట్టించండి. పైన కాదు, మధ్యలో. బ్యాచ్ వచ్చాక ఆ ముక్కను కోయించి, అంచు నుంచి లోపలికి మైక్రో హార్డ్‌నెస్ (కొద్దికొద్ది దూరంలో గట్టిదనం) కొలిపించండి. ఎక్కడ 550 విక్కర్స్‌కి పడిపోయిందో అదే మీ అసలు లోతు.

మొదటి బ్యాచ్‌కి మాత్రం టెస్ట్ పీస్‌తో ఆగకుండా, గ్రైండింగ్ కూడా అయిపోయిన గేరు ఒకటి కోసి చూడండి. ఒక గేరు పోతుందని బాధపడకండి, నాకు 40 పోయాయి. నైటాల్ పూశాక ఫొటో తీసి ఇక్కడ పెడితే రెండు వైపులా పొర సమానంగా వచ్చిందో లేదో చూసి చెబుతాను.